అయిదడుగుల మంచం

దిండు మూతికి ఆఖరి కుట్టు వేసి, దారాన్ని పళ్ళతో కొరికి తెంపి, దూదక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని నేలకేసి ఒక్క బాదు బాదింది. లోపలి దూది నాలుగు మూలలకీ సర్దుకుంది. సర్దుకోకపోతే ఇంకో దెబ్బ. దిండ్లకీ పరుపులకీ ఈ మాత్రం మర్యాద జరగకపోతే మాట వినవని ఆవిడ నమ్మకం. కనుబొమల మీద, చెవుల అంచుల మీద, జడ పాయల మధ్య తెల్లటి నూగు పేరుకుని ఉంది. తలలో ఏది దూదో, ఏది నెరిసిన వెంట్రుకో ఇప్పుడు ఆవిడకే తెలియదు. దబ్బనం ఒత్తుకుని ఒత్తుకుని కుడిచేతి బొటనవేలు చివర కాయ కాసింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఫర్నిచర్ వీధిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరికీ ఆవిడ దూదక్కే.

దుకాణం ముందు భాగమంతా మంచాలు. గోడవారగా బీరువాలు, అద్దాల బల్లలు, మంచం పక్కన పెట్టుకునే సొరుగు పెట్టెలు. అన్నీ చవక సరుకే. నగిషీ పనితనం కావాలనుకునేవాళ్ళు వీధి మలుపులో ఉన్న ఏసీ షోరూముకి వెళ్తారు. కొత్తగా గది అద్దెకు తీసుకున్నవాళ్ళు, కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు, పిల్లలు ఎదిగి ఉన్న మంచం చాలనివాళ్ళు ఇక్కడికి వస్తారు. యజమానిని అందరూ తగ్గింపు బాబాయి అంటారు. 'ఈ వారమే తగ్గింపు' అన్న బోర్డు ఆయన దుకాణం తెరిచిన రోజున కట్టాడు. ఆ వారం ఇంకా అయిపోలేదు.

ఆయనకి లోకంలో గిట్టని సామెత ఒక్కటే ఉంది. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు. బేరం కుదరనివాళ్ళెవరైనా ఆ మాట విసిరేసి వెళ్ళిపోతే, ఆ పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. నిద్ర సుఖం ఎరగకపోతే మనం కొట్టు మూసుకోవడమేనా అని దూదక్కని అడుగుతాడు. దూదక్క నవ్వి ఊరుకుంటుంది. నిద్ర గురించి ఆవిడకి వేరే అభిప్రాయాలు ఉన్నాయి గానీ, అవి బయటికి చెప్పుకునేవి కావు.

ఆవిడ పని వెనక గదిలో. దూది ఏకడం, గలీబులు కుట్టడం, పరుపులు నింపి ముడులు వేయడం. అయినా అమ్మకాల్లో తలదూర్చకుండా ఉండలేదు. దానికో కారణం ఉంది. మంచం కొనడానికి వచ్చినవాళ్ళెవరూ మంచం మీద పడుకోరు. పదిమందిలో కాళ్ళు చాపుకోవడం సిగ్గు. అరచేత్తో రెండుసార్లు నొక్కి, అంచు మీద ఒకసారి కూర్చుని లేచి, వంకాయలు కొన్నట్టు కొనుక్కుపోయేవాళ్ళు. కొద్దిరోజులకే నడుం పట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు. చూసి చూసి ఒకనాడు దూదక్క దుకాణం మూలలో తాడు కట్టి, దాని మీద పాత దుప్పటి వేలాడదీసింది. నచ్చిన మంచాన్ని ఆ దుప్పటి వెనకకు జరిపించి, చెప్పులు విప్పి పడుకోండి, కళ్ళు మూసుకోండి, మంచం సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడుకోండి అని చెప్పి ఇవతలికి వచ్చేసేది. ఓ గ్లాసు టీ తాగేంతసేపు ఎవరూ వాళ్ళని పిలవకూడదు. తగ్గింపు బాబాయి మొదట్లో లబలబలాడాడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నావు కదమ్మా అన్నాడు. తీరా చూస్తే తిరిగొచ్చే మంచాలు తగ్గిపోయాయి. ఇప్పుడు ఆ దుప్పటి వెనకకు పంపకుండా ఆయనే బిల్లు రాయడు.

ఆ పొద్దున ఒక బస్సు డ్రైవరు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. కాపురం పాతదే, మంచమే విరిగింది. ఆమెకి మెత్తగా కావాలి, అతనికి గట్టిగా కావాలి, ఇద్దరికీ చవగ్గా కావాలి. తలవైపు పలక మీద పువ్వులు చెక్కి, మధ్యలో అద్దం బిగించిన మంచం దగ్గర ఆమె ఆగిపోయింది. దూదక్క ఆమె చెయ్యి పట్టుకుని పక్కనున్న సాదా మంచం దగ్గరికి నడిపించింది.

"పలక మీద పెట్టే డబ్బు పరుపు మీద పెట్టమ్మా. దీపం ఆర్పాక పువ్వులు ఎవరికి కనపడతాయి?"

గల్లాపెట్టె దగ్గర నుంచి తగ్గింపు బాబాయి కొరకొరా చూశాడు. దుప్పటి వెనక డ్రైవరు కొయ్యలా బిగుసుకుని పడుకున్నట్టున్నాడు. ఇక్కడ కూడా స్టీరింగు పట్టుకోవాలా అని భార్య కసరడం ఇవతలికి వినిపించింది. తరవాత కూతురి చదువు మాట వచ్చింది. తరవాత ఎవరో బంధువుల మీద చిన్న తగువు. తరవాత మాటలు ఆగిపోయాయి. మాటలు ఆగితే మంచం కుదిరినట్టే. దూదక్క ఖాళీ గ్లాసు కింద పెట్టి, మంచం బోల్టులు విప్పమని ఫిట్టరుకి సైగ చేసింది. విప్పిన మంచాన్ని దుకాణం వ్యానులో ఇంటికి చేర్చి మళ్ళీ బిగించి రావడం అతని పని.

అంతా రోజూలాగే ఉంది. ఆవిడ మనసు మాత్రం పొద్దుటి నుంచీ కుదురుగా లేదు. ఒక పరుపుకి ముడులు వంకరగా వేసి, మళ్ళీ విప్పింది. మధ్యాహ్నం ఆవిడ తమ్ముడు, తను చేసుకోబోయే అమ్మాయితో కలిసి మంచం కొనుక్కోవడానికి వస్తున్నాడు.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. లోపలి గదిలో దూదక్క నవారు మంచం, ఇనప బీరువా. ముందు గదిలో ఒక పక్క పొయ్యి గట్టు, ఇంకో పక్క తమ్ముడి చాప. రెండు గదుల మధ్య గుమ్మం ఉంది గానీ తలుపు లేదు. ఇల్లు కట్టినవాడు మర్చిపోయాడో, మిగుల్చుకున్నాడో తెలియదు. వచ్చే వారం పెళ్ళి. లోపలి గది కొత్త జంటది, ఇక నుంచి దానికో తెర. పేచీ అంతా మంచం దగ్గరే వచ్చింది. నాలుగడుగుల వెడల్పు మంచమైతే బీరువా పక్కనే పడుతుంది, అప్పుడు నవారు మంచం ముందు గదిలోకి వస్తుంది. అయిదడుగుల మంచమైతే బీరువాయే ముందు గదిలోకి రావాలి. అప్పుడిక నవారు మంచానికి చోటు ఉండదు, దాని మీద పడుకునే మనిషికీ ఉండదు.

లోకంలో ఏ ఆడపడుచైనా నాలుగడుగుల మంచం కొంటే బాగుండునని దణ్ణాలు పెట్టుకుంటుంది. దూదక్క అయిదడుగుల మంచం కోసం పెట్టుకుంటోంది.

ఎందుకంటే ఆవిడ ఒక గది చూసుకుంది. దుకాణం వెనక సందులో, పుస్తకాలు బైండింగు చేసే ఇంటి మేడ మీద. ఒక కిటికీ, ఒక పంపు, మూలన చిన్న గట్టు, ఒక తలుపు. ఆ తలుపుకి లోపలి వైపు గడియ ఉంది. గది చూడడానికి వెళ్ళిన రోజు ఆవిడ ఆ గడియ వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ఇంటి యజమానురాలు, ఒకప్పుడు బడిలో బొమ్మలు గీయడం నేర్పిన టీచరమ్మ, తలుపు పట్టేసిందా అమ్మా అని కింద నుంచి కేకేసేదాకా అలాగే నిలబడిపోయింది. అద్దె ఆవిడకి అందుబాటులోనే ఉంది. కానీ గదిని ఇంకెవరో అడుగుతున్నారట. ఈ సాయంత్రంలోగా మాట చెప్పకపోతే వాళ్ళకి ఇచ్చేస్తానని టీచరమ్మ చెప్పింది.

ఆ సంగతి తమ్ముడితో అనడం ఎలా? అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు, ఆవిడకి జడ సరిగ్గా వేసుకోవడం రాదు. ఈ కొట్టులో దూది ఏకడానికి చేరింది. వాణ్ణి చదివించింది, లిఫ్టులు బాగుచేసే పని నేర్పించింది. ఆవిడకి సంబంధాలు రాకపోలేదు. వాడు కాస్త అందిరానీ అంది. అందివచ్చాక, అక్కకి అయ్యాకే నేను అన్నాడు వాడు. గుమ్మం దగ్గర మీరు ముందంటే మీరు ముందని మర్యాదలు చేసుకుంటూ ఇద్దరూ వీధిలోనే నిలబడిపోయినట్టయింది. ఆవిడకి దాని గురించి పెద్ద దిగులేమీ లేదు. వాడు ఒడ్డున పడ్డాడు, అది చాలు. కానీ ఆ మధ్య ఒక సంబంధం ఖాయమయ్యే వేళకి, అక్కగారు ఎక్కడ ఉంటారు అని పిల్ల తరఫువాళ్ళు అడిగారు. తమ్ముడు టీ కప్పు కింద పెట్టి లేచి వచ్చేశాడు. ఇప్పుడు ఆవిడే వెళ్తానంటే, ఈ పిల్లే పొమ్మందనుకుంటాడు. ఉన్న సంబంధాన్ని కూడా ఊడగొడతాడు. చెప్పకపోతే గది పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని ఆవిడ భారమంతా మంచం మీద వేసింది. పిల్ల అయిదడుగులది కావాలని ఒక్కసారి పట్టుబడితే చాలు. చోటు చాలక వెళ్ళానంటే ఎవరూ నొచ్చుకోరు.

వాళ్ళు వచ్చేసరికి తమ్ముడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మామూలుగా రాత్రి పని ఒప్పుకోడు. నిన్న మాత్రం ఏదో పెద్ద భవనంలో లిఫ్టు మొరాయిస్తే, తప్పక వెళ్ళి తెల్లవార్లూ దానితో కుస్తీ పట్టాడు. మనిషి భారీగా ఉంటాడు, మాట మెత్తన. చొక్కా చేతుల మీద గ్రీజు మరకలు ఇంకా ఆరలేదు. పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. ముప్పై దాటిన మనిషి, పొడగరి. మాట్లాడే ముందు ఎదుటివాళ్ళ ముఖంలోకి ఒక్క క్షణం చూస్తుంది, బోర్డు మీద ఏ వరస దాకా చదవగలరో కనుక్కుంటున్నట్టు. దూదక్కకి ఆ చూపంటే కొంచెం ఇష్టం, కొంచెం బెదురు.

ఆవిడ వాళ్ళని తిన్నగా అయిదడుగుల మంచాల దగ్గరికే తీసుకెళ్ళింది. ఇది చూడు, కాళ్ళు కదలవు. ఇది చూడు, కింద సొరుగుంది, దుప్పట్లు పెట్టుకోవచ్చు. ధర కూడా నాలుగడుగులదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తమ్ముడు ఒక్కదానికేసీ చూడలేదు. జేబులోంచి టేపు తీసి, మూలనున్న నాలుగడుగుల మంచాన్ని నిలువునా అడ్డంగా కొలిచాడు.

"ఇది చాలక్కా. బీరువా కదపక్కర్లేదు. నీ మంచం ముందు గదిలో పడుతుంది, కొలిచే వచ్చాను."

దూదక్క పిల్లకేసి ఆశగా చూసింది. కాపురానికి రాబోయే మనిషి, ఒక్క మాట అనకపోతుందా! పిల్ల మంచాన్ని చూసింది, ఆవిడ ముఖంలోకి చూసింది. తనకీ ఇదే బాగుందని చెప్పింది. వదిన మంచం కిటికీ పక్కన వేద్దాం, గాలి బాగా వస్తుంది అని కూడా అంది.

దూదక్కకి ఏడుపొక్కటే తక్కువ. గయ్యాళి మరదలు రాకూడదని కోరుకున్న మాట నిజమే గానీ, మరీ ఇంత మంచిదాన్ని ఆవిడ అడగలేదు. వీడి పక్కన ఇందులో పడుకుంటే నువ్వు గోడలోకి దూరాల్సిందే అని హెచ్చరించి చూసింది. రేపు పిల్లలు పుడితే అని గుర్తు చేసింది. పెద్ద మంచం అమ్ముడుపోతుందన్న ఆశతో తగ్గింపు బాబాయి కూడా వంత పాడాడు. మంచం ఉన్నంతవరకే కదా కాళ్ళు చాపుకోవాలి బాబాయ్ అని తమ్ముడు నవ్వాడు. వాడు ఒకసారి అనుకున్నాడంటే వాడి లిఫ్టుల కంటే మొండి.

ఇక మిగిలింది దుప్పటి. పడుకుని చూడనిదే ఈ కొట్టులో మంచం ఇవ్వరని దూదక్క తేల్చి చెప్పింది. అంత లావు మనిషి అంత ఇరుకు మంచం మీద పరుచుకోవడం పిల్ల కళ్ళారా చూస్తే మనసు మార్చుకుంటుందని ఆవిడ ఎత్తు. తమ్ముడు సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. పిల్లే ధైర్యం చెప్పింది. నువ్వు పడుకో, నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను అంది. ఇద్దరూ దుప్పటి వెనకకు వెళ్ళారు. రాత్రంతా కన్ను మూయనివాణ్ణి పట్టపగలు మెత్తటి పరుపు మీద పడుకోబెడితే ఏమవుతుందో, పరుపుల మీదే బతుకు వెళ్ళదీసిన మనిషికి ఆ క్షణాన తట్టలేదు.

మొదట సన్నగా వినిపించింది. దూదక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. తరవాత అది పుంజుకుంది. గ్రీజు ఎరగని పాత లిఫ్టులా మూలుగుతూ పైపైకి ఎక్కి, కొసన ఒక క్షణం నిలబడి, గడగడమంటూ అడుక్కి దిగింది. మళ్ళీ ఎక్కింది. బీరువా అద్దం సన్నగా అదిరింది. బేరాలాడుతున్నవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. పైన ఫ్యాను విరిగిందనుకుని ఫిట్టరు రెంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఒక ముసలాయన దుప్పటికేసి వేలు చూపించి, తనకీ సరిగ్గా అదే పరుపు కావాలని తగ్గింపు బాబాయిని అడిగాడు.

పిల్ల దుప్పటి పక్కకి తప్పించి ఇవతలికి వచ్చింది. ఆమె ముఖంలో రంగు లేదు. ఇంతకాలం మూడో మనిషికి తెలియకుండా కాపాడుకొచ్చిన గుట్టు ఇది. చివరికి తన చేతులతో తనే వాణ్ణి దుప్పటి వెనకకు పంపి, వీధి వీధంతటికీ వినిపించింది. సంబంధం గురకలో కొట్టుకుపోయిందనే అనుకుంది.

పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళి, దూది మూటల మీద కూర్చోబెట్టింది. ఎదురుగా తనూ కూర్చుని, ఆ చూపు చూసింది.

"వదినా, ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో మీరెలా నిద్రపోయారు?"

అమ్మానాన్నల గురించి ఎందరో అడిగారు. జీతం గురించి అడిగారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగారు. నిద్ర గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మర్యాదగా చెప్పడానికి ఏదైనా మాట ఉందేమోనని దూదక్క వెతుక్కుంది. దొరకలేదు.

"నిద్రపోలేదమ్మా," అంది.

అన్నాక ఇక ఆపుకోలేకపోయింది. మీసం వచ్చిన ఏడే వాడికి గురకా వచ్చిందని చెప్పింది. తలుపు లేని గుమ్మం గురించి చెప్పింది. గోడవైపు తిరిగి, తల మీద దిండు పెట్టుకుని, దూరంగా ఏ కోడి కూస్తుందా అని ఎదురుచూడడం గురించి చెప్పింది. ఊళ్ళో సగం మందికి సుఖంగా నిద్రపట్టేలా పరుపులు కుట్టి ఇచ్చి, తను పగటిపూట దూది మూటకి ఆనుకుని కునుకు తీయడం గురించి చెప్పింది. మేడ మీద గది గురించి, దాని గడియ గురించి చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆవిడకి సిగ్గు వేసింది, సిగ్గుతోపాటు ఒళ్ళు తేలికైంది.

"వాడంటే నాకు ప్రాణం. నువ్వన్నా ఇష్టమే. కానీ నాకు వెళ్ళాలని ఉందమ్మా. మీకు చోటివ్వడానికి కాదు. నాకే, నా కోసమే. ఒక తలుపేసుకుని పడుకోవాలని ఉంది."

గురక ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎడమ చెంప మీద పరుపు కుట్ల అచ్చు వరసలు వరసలుగా పడి ఉంది. ఎంతవరకు విన్నాడో వాడి ముఖమే చెప్పింది. అంత మనిషీ చిన్నపిల్లాడిలా పెదవి బిగబట్టుకున్నాడు. మరి ఇన్నాళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం అని అడిగాడు.

"చెబితే నువ్వు వెళ్ళి మెట్ల మీద పడుకునేవాడివి," అంది దూదక్క. "వానొచ్చినా అక్కడే పడుకునేవాడివి."

అది నిజమే. వాడు వచ్చి కింద కూర్చున్నాడు. కాసేపు దూది పీచు ఒకటి వేళ్ళ మధ్య నలుపుతూ ఉండి, తనూ ఒక సంగతి దాచానన్నాడు. రాత్రి డ్యూటీ చేస్తే జీతం పెంచుతామని కంపెనీవాళ్ళు ఏటా అడుగుతున్నారట. అక్క చీకట్లో ఒంటరిగా ఉండలేదని, ఏటా కుదరదంటూ వచ్చాడట.

"నాకు చీకటంటే భయమని ఎవరన్నార్రా?"

"నువ్వే అన్నావు. చిన్నప్పుడు దీపం ఆర్పాక నా చెయ్యి పట్టుకుని, నాకూ భయంగా ఉందిరా అనేదానివి కదా."

దూదక్క నోరు తెరిచి వాడికేసి చూసింది. "భయం నీకురా. నేనొక్కణ్ణే భయపడుతున్నానని నువ్వు సిగ్గుపడతావని, నాకూ భయమే అన్నాను. నువ్వు ఇంట్లో లేవు గనక నిన్న రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో తెలుసా?"

ముందు నవ్వింది పిల్ల. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, దూది మూటలో ముఖం దాచుకుని నవ్వింది. తరవాత దూదక్క. అందరికంటే ఆలస్యంగా తమ్ముడు అందుకున్నాడు, నవ్వుతూనే చేతి గ్రీజు కళ్ళకి పూసుకున్నాడు. వాడి నిద్ర కోసం ఆవిడ నిద్రనీ, ఆవిడ నిద్ర కోసం వాడు పెరిగే జీతాన్నీ వదులుకున్న ఇల్లు ఇదొక్కటే అయి ఉంటుంది. రేపటి నుంచే రాత్రి డ్యూటీకి ఒప్పుకుంటానని వాడు అమాయకంగా అంటే, ఇప్పుడొద్దులే అని పిల్ల వెంటనే అంది. అని, ఎర్రబడి, తల వంచుకుంది.

ఇందాక ముఖం ఎందుకలా పాలిపోయిందో కూడా ఆమే చెప్పింది. వాళ్ళ నాన్నదీ ఇదే గురకట. ఆయన పోయాక ఇంట్లో రాత్రిళ్ళు మరీ నిశ్శబ్దంగా ఉంటాయట. దుప్పటి వెనక కళ్ళు మూసుకుని వింటుంటే ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదంది. తనకి అలవాటే గనక దాని గురించి బెంగ పెట్టుకోవద్దంది. దూదక్క తల ఊపింది గానీ, ఆ అలవాటు సంగతి తరవాత చూద్దాంలే అని మనసులో అనుకుంది.

"ఇంకో మాట వదినా," అంది పిల్ల. "ఆ నాలుగడుగుల మంచం నాకేం నచ్చలేదు. మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను."

తనకీ ఒక చెయ్యి అంచు దాటి బయటే ఉందని తమ్ముడు ఒప్పుకున్నాడు. అయిదడుగుల సాదా మంచం తీసుకున్నారు. పలక మీద పువ్వుల్లేవు, అద్దం లేదు, తలవైపు చిన్న అర ఒకటి ఉంది. మిగిలిన డబ్బుతో మంచి దూది పరుపు. అద్దాల బల్ల కూడా తీసుకోమని తగ్గింపు బాబాయి అడిగాడు గానీ, బీరువాకి ఉన్న అద్దం చాలని పిల్ల అనేసింది. దూదక్క టీచరమ్మకి ఫోన్ చేసి గదికి ఒప్పుకుంటున్నానని చెప్పింది.

మంచం తీసుకెళ్ళిన వ్యానే ఆవిడ సామాను తీసుకొచ్చేలా మాట్లాడుకున్నారు. ఈ సాయంత్రమే ఎందుకక్కా, పెళ్ళయ్యాక వెళ్ళొచ్చు కదా అని తమ్ముడు దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. ఈ రాత్రే అక్కడ పడుకోవాలని ఉందని ఆవిడ చెప్పింది. కోరిక అని పైకి చెప్పడం ఆవిడకి కొత్త. ఒకసారి నోరు తిరిగాక అంత కష్టమేమీ అనిపించలేదు.

బీరువాని ముందు గదిలోకి లాగడానికి ముగ్గురి తల ప్రాణం తోకకి వచ్చింది. ఫిట్టరు లోపలి గదిలో పలకలు నిలబెట్టి బోల్టులు బిగించాడు. దూదక్క పరుపు పరిచి, చేత్తో నాలుగు మూలలూ తట్టి, కొత్త దుప్పటి వేసింది. మంచం గదిని నింపేసింది. అయినా గది ఇరుకైనట్టు లేదు, ఇన్నాళ్ళకి తన పనిలో పడ్డట్టుంది. అటూ ఇటూ మనుషులు నడవడానికి చోటుంది. పిల్ల కిటికీ తెరిచి చూసింది. తమ్ముడు పరుపు మీద చెయ్యి వేసి, ఎవరో పడుకుని ఉన్నట్టు మెల్లగా తీశాడు. వాళ్ళిద్దరినీ అలా చూస్తుంటే దూదక్కకి కడుపు నిండినట్టయింది.

ఆవిడ సామానంటూ పెద్దగా లేదు. ఒక ట్రంకు పెట్టె, చిన్న పొయ్యి, రెండు గిన్నెలు, నవారు మంచం. మంచాన్ని తమ్ముడు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే తల మీద పెట్టుకుని మెట్లు దిగాడు. పిల్ల ట్రంకు పెట్టె అందుకుంది. అందరూ కిందికి వెళ్ళాక దూదక్క ఇంట్లో ఒక్క నిమిషం ఉండి, తరవాత దిగింది.

ఆదివారం భోజనానికి రావాలని పిల్ల మాట తీసుకుంది. తమ్ముడు వ్యాను తలుపు పట్టుకుని వదల్లేదు. అక్కడ పంపులో నీళ్ళు వస్తాయా, బల్బు ఉందా అని అడిగిందే అడిగాడు. ఆఖరికి, రాత్రి ఏదైనా చప్పుడైతే వెంటనే ఫోన్ చెయ్యమన్నాడు.

"చప్పుడేమీ ఉండదురా," అంది దూదక్క వాడి చెంప నిమిరి. పరుపు కుట్ల అచ్చు ఇంకా పూర్తిగా పోలేదు.

వ్యాను సందు మలుపు తిరిగేదాకా ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. తిరిగాక కన్నీళ్ళు ఆగలేదు. ఫిట్టరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, సీటు కింద నుంచి ఉన్నంతలో శుభ్రమైన గుడ్డ ఒకటి తీసి ఇచ్చాడు. దుఃఖమా సంతోషమా అని ఎవరైనా అడిగితే, రెండూ అనే ఆవిడ చెప్పి ఉండేది. ముఖం తుడుచుకుని, జుట్టులోంచి దూది పీచు ఒకటి తీసి కిటికీలోంచి వదిలింది. ఇంకాస్త తొందరగా పోనివ్వమని ఫిట్టరుతో అంది.

అక్కడ లోపలి గదిలో, అయిదడుగుల మంచం తలవైపు అర మీద, పిల్ల పడుకోబోయే వైపున, చిన్న రేకు డబ్బా ఒకటి ఉంది. దాని నిండా, కొట్టులోకెల్లా మేలైన దూదితో, చెవిలో ఇమిడేంత చిన్నగా చుట్టిన ఉండలు, జంటలు జంటలుగా ఉన్నాయి.